ఉండేది ఎవరు? వెళ్ళేది ఎవరు?

మా అబ్బాయి ఎల్‌కేజీలో ఉండగా ఒక పుట్టినరోజు కార్డు వచ్చింది. జూబ్లీహిల్స్‌లో ఇల్లు. కార్డు తెరిస్తే కాగితం ఏనుగు ఒకటి లేచి నిలబడుతుంది. ఏనుగు కాళ్ళ కింద చిన్న అక్షరాల్లో మూడు లైన్లు. పార్టీ ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు. పేరెంట్స్ ఉండదలచుకుంటే సంతోషం. ఆయాలకు విడిగా ఏర్పాటు ఉంది.

చదివి ఫ్రిజ్ మీద పెట్టేశాను. ఆ మూడో లైను నాకు ఆ రోజు కనపడలేదు. అక్షరాలు చిన్నవని సాకు చెప్పను.

చిన్న పిల్లల పుట్టినరోజు పార్టీలో తల్లిదండ్రులు ఉండాలా, పిల్లల్ని దింపి వెళ్ళిపోవాలా అన్నది మా వైపు పెద్ద చర్చే. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో ఏ బడి గేటు ముందు నిలబడినా వినపడుతుంది. నాలుగేళ్ళ లోపు పిల్లలైతే ఉండాలి, ఆరు దాటితే దింపి వెళ్ళాలి అని ఒకరంటారు. ఉంటే పిలిచినవాళ్ళకి ముప్ఫై ప్లేట్లు అదనపు ఖర్చు, పిల్లాడి పార్టీ కాస్తా పెద్దల కిట్టీ పార్టీ అయిపోతుందని ఇంకొకరు. వెళ్ళిపోతే వాళ్ళ ఇంటిని క్రెష్ కింద వాడుకున్నట్టు కాదా అని మూడో ఆవిడ. ఈ ప్రశ్నలు చిన్నవని కొట్టిపారేసేవాళ్ళూ ఉన్నారు. "డబ్బున్న వాళ్ళ గొడవ, మనకెందుకు?" అంది నా స్నేహితురాలు ఒకామె. నేనలా అనుకోవడం లేదు. మర్యాద అనేది ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు ఎప్పుడు తినాలో చెప్పే చట్టం. ఎక్కడా రాసి ఉండదు కాబట్టి దాన్ని ఏ కోర్టులోనూ సవాలు చెయ్యలేం. అందుకే ఇలాంటి పత్రికలో సవాలు చెయ్యాలి.

నా పక్షం ముందే చెప్పేస్తాను. "ఉండాలా, వెళ్ళాలా?" అన్న ప్రశ్నే తప్పు. అసలు ఉంటున్నది ఎవరు? ఉన్నందుకు ఆమెకి అక్కడ ఏం దక్కుతోంది? ఈ రెండూ అడగకుండా మొదటి ప్రశ్న మీద ఎంతసేపు వాదించుకున్నా మనకి దొరికే జవాబు ఆడవాళ్ళ నెత్తినే పడుతుంది.

"పేరెంట్స్" అన్నది చాలా మర్యాదైన మాట. ఆడా మగా తేడా లేదు దానికి. తెలుగులో తల్లిదండ్రులు అంటాం. అందులో తల్లి ముందు నడుస్తుంది, తండ్రి వెనక వస్తాడు. పార్టీల్లో ఆ వెనక వచ్చే మనిషి కూడా కనపడడు. మా అబ్బాయి క్లాసు వాట్సాప్ గ్రూపులో ఇరవై ఎనిమిది నెంబర్లుంటే ఇరవై ఎనిమిదీ తల్లులవే. కార్డు తల్లికే వస్తుంది. వస్తున్నామో లేదో తల్లే చెప్పాలి. బహుమతి తల్లే కొనాలి, కాగితం చుట్టాలి, ఎవరింటికి ఎంతలో ఇచ్చామో, వాళ్ళు మనకి ఎంతలో ఇచ్చారో గుర్తుపెట్టుకోవాలి. తండ్రి కేకు కోసే వేళకి కారు దిగుతాడు, ఫొటోలో నిలబడతాడు, ఫోన్ మాట్లాడుకుంటూ బాల్కనీలోకి వెళ్ళిపోతాడు. ఎప్పుడైనా ఒక తండ్రి పిల్లాడితో వచ్చి మూడు గంటలూ కూర్చున్నాడనుకోండి, ఆ వారమంతా బడి గేటు దగ్గర ఆయన గురించే మాట. ఎంత మంచి నాన్నో! పైగా ఆ మంచి నాన్నని కూడా "మీరు వెళ్ళండి అన్నయ్యా, మేం చూసుకుంటాం కదా" అని పది గొంతులు సాగనంపబోతాయి. అదే తల్లి దింపి వెళ్ళిపోతే "పాపం, ఆవిడకి తీరికే ఉండదు" అంటారు. ఆ "పాపం" ఆవిడ మీద కాదు, పిల్లాడి మీద.

ఇది నా ఒక్కదాని అనుభవం అనుకునేవాళ్ళ కోసం ప్రభుత్వ లెక్కలే చెప్తాను. 2024లో జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వేలో 15 నుంచి 59 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో 41 శాతం మంది ఇంట్లోవాళ్ళ సంరక్షణ పనుల్లో ఉన్నారని తేలింది. మగవాళ్ళలో 21.4 శాతం. ఆ పని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సుమారు 140 నిమిషాలు పెడుతున్నారు, చేసే మగవాళ్ళు 74 నిమిషాలు. చెయ్యని మగవాళ్ళు వందకి డెబ్బై ఎనిమిది మందికి పైనే ఉన్నారన్నది మర్చిపోకూడదు. ఇక పార్టీలో బిడ్డ వెనక తిరిగిన మూడు గంటల్ని ఇంట్లో ఎవరూ పని కింద జమ కట్టరు. "పార్టీకి వెళ్ళొచ్చింది" అంటారు.

ఇప్పుడు ఆ కాగితం ఏనుగు పార్టీ సంగతి.

నేను సినిమాలకి డబ్బింగ్ చెప్పే మనిషిని. హీరోయిన్ స్నేహితురాలికి, అక్కకి, అత్తకి గొంతు ఇస్తాను. ఆ ఆదివారం అయిదింటికి నాకు ఫిల్మ్‌నగర్‌లో పని ఉంది. మర్నాడు సినిమా సెన్సారుకి వెళ్ళాలి, మానడానికి లేదు. మా ఆయన్ని అడిగాను. "అక్కడంతా ఆడవాళ్ళే ఉంటారు, నేనెళ్ళి ఏం చెయ్యను?" అన్నాడు. చెడ్డవాడు కాదు. ఆ మాట అనడానికి చెడ్డవాడై ఉండాల్సిన అవసరమూ లేదు. ప్రతి ఇంట్లోనూ ఒకరు ఈ మాట అంటారు కాబట్టే అక్కడంతా ఆడవాళ్ళే ఉంటారు.

అప్పుడు మా ఇంట్లో పనిచేసే అక్కని అడిగాను. నేను ఆమెను అక్కా అంటాను. ఆమె నన్ను మేడమ్ అంటుంది. పత్రికలో నీ పేరు రాయనా అని అడిగితే "నా పేరెందుకు మేడమ్" అంది, అందుకని రాయడం లేదు. పాలమూరు వైపు నుంచి వచ్చి ఫిల్మ్‌నగర్ బస్తీల్లో ఒకదాంట్లో ఉంటోంది. ఆదివారం సాయంత్రం ఒక్కటే ఆమెకి సెలవు. రెండు వందలు ఇస్తాను, బాబుని తీసుకెళ్ళి తీసుకొస్తావా అన్నాను. సరే అంది. సరే అనక ఏమంటుంది?

రాత్రి ఎనిమిదింటికి నేను ఇంటికి వచ్చేసరికి మా వాడు రిటర్న్ గిఫ్టు సంచి విప్పుతున్నాడు. అక్క వంటింటి గుమ్మం దగ్గర నీళ్ళు తాగుతోంది, ఒక గ్లాసు తర్వాత ఇంకో గ్లాసు.

"పెద్దమ్మ ఏం తినలేదు," అన్నాడు మా వాడు. "నేను కేకు ఇస్తుంటే ఆంటీ వద్దంది. ఆయాలకి తర్వాత అంది."

"తర్వాత పెట్టారా అక్కా?"

"తర్వాత అంటే ఏడున్నర అయితది గద మేడమ్. చీకటైతే ఆటో దొరకదని బాబును తోల్కొని వచ్చేసిన."

"మూడు గంటలూ ఎక్కడ కూర్చున్నావు?"

"కూసునేది యాడ? గోడ కాడ నిలబడమన్నరు. పదిమందిమి ఉంటిమి. అందరం నిలబడ్డం."

ఆ ఇంటివాళ్ళ మీద నాకు ఒళ్ళు మండింది. ఎవరికి ఫోన్ చెయ్యాలా అని ఆలోచిస్తుండగానే ఆమె చీర కొంగుతో మూతి తుడుచుకుని, "పోతా మేడమ్, పిల్ల ఒక్కతే ఉన్నది" అంది. ఎనిమిదేళ్ళ కూతురు. కాస్త చూడమని పక్కింటామెకి చెప్పి వచ్చిందట. పక్కింటామె కూడా ఇళ్ళల్లో పనిచేసేదే. ఆమెకీ ఆదివారమే తీరిక. నా కోపం ఎటు పోవాలో తెలియక నా దగ్గరికే వచ్చింది.

ఆ రాత్రి లెక్క వేసుకున్నాను. నేను ఉండాల్సిన చోట అక్క ఉంది. అక్క ఉండాల్సిన చోట పక్కింటామె ఉంది. ముగ్గురు ఆడవాళ్ళం ఒకరి జాగాలో ఒకరు నిలబడితే గాని ఒక పిల్లాడు పుట్టినరోజు పార్టీకి వెళ్ళి రాలేదు. ఈ వరసలో నా భర్త లేడు, ఆమె భర్త లేడు, పక్కింటామె భర్త లేడు, పార్టీ ఇచ్చిన ఇంటి యజమానీ లేడు. పని ఒకరి నుంచి ఒకరికి దిగుతూ పోయింది. నేనిచ్చిన రెండు వందలు మాత్రం అక్క దగ్గరే ఆగిపోయాయి. వరస చివర ఉన్నామెకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

ఈ ప్రాంతం చూడనివాళ్ళకి కొంచెం చెప్పాలి. జూబ్లీహిల్స్ ఒక హౌసింగ్ సొసైటీ రాళ్ళ గుట్టల్ని ప్లాట్లు చేస్తే వెలసిన ఊరు. సినిమా మద్రాసు నుంచి హైదరాబాదుకి తరలివస్తున్న కాలంలో అన్నపూర్ణ, పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు ఈ గుట్టల చుట్టుపక్కలే కట్టారు. నటులు, నిర్మాతలు ఇళ్ళు కట్టుకున్నారు, వాళ్ళ వెనకే రాజకీయ నాయకులు, కాంట్రాక్టర్లు, కంపెనీల యజమానులు. ఆ రాళ్ళు కొట్టినవాళ్ళూ ఇటుకలు మోసినవాళ్ళూ గుట్టల వాలుల్లోనే గుడిసెలు వేసుకున్నారు. ఇవాళ ఫిల్మ్‌నగర్ అంటే ఫిల్మ్ ఛాంబరు, కల్చరల్ సెంటరు, దైవసన్నిధానం గుడి. దీన్‌దయాళ్ నగర్, జ్ఞానీ జైల్‌సింగ్ నగర్ లాంటి బస్తీలు కూడా ఫిల్మ్‌నగరే. పొద్దున్నే ఆ బస్తీల నుంచి బంగళాల వైపు ఎక్కే దారిలో నిలబడితే నడిచివచ్చేవాళ్ళంతా ఆడవాళ్ళే. వాళ్ళు ఎక్కకపోతే ఆ ఇళ్ళల్లో పిల్లల పాలసీసా కూడా కడగబడదు.

పుట్టినరోజు పార్టీ ఎలా ఉండాలో మనకి నేర్పింది కూడా సినిమానే. అంతకుముందు మన ఇళ్ళల్లో పుట్టినరోజంటే తలంటు, కొత్త బట్టలు, పెద్దవాళ్ళ అక్షింతలు, పాయసం. సినిమా వచ్చి పెద్ద హాలు చూపించింది, రంగు కాగితాలు చూపించింది, అంతస్తుల కేకు, పియానో ముందు హీరో, చుట్టూ చప్పట్లు కొట్టే జనం. ఆ సీనులో గోడ పక్కన ట్రే పట్టుకుని నిలబడ్డ ఆడమనిషికి డైలాగ్ ఉండదు. ఉంటే "అమ్మగారూ, పాప ఏడుస్తోంది" అన్న ఒక్క ముక్క. ఆ ముక్కకి నేను ఎన్నిసార్లు గొంతు ఇచ్చానో! అయిదు నిమిషాల పని. ఇచ్చి బయటపడ్డాక ఆ గోడ పక్కనామె ఏం తిని ఉంటుందని నాకు ఒక్కసారీ తోచలేదు.

తర్వాత నెలలో ఇంకో పార్టీ, ఇంకో ఇల్లు. ఈసారి నేనే వెళ్ళాను. పచ్చిక మీద గాలితో ఉబ్బిన కోట, మెజీషియన్, పాప్‌కార్న్ మిషను. తల్లులకి గుండ్రటి బల్లలు, సాటిన్ గుడ్డ తొడిగిన కుర్చీలు. ప్రహరీగోడ వెంబడి ఆయాలు. కొందరికి యూనిఫాం ఉంది. వాళ్ళలో ఒక పిల్లకి పద్నాలుగు పదిహేనేళ్ళు మించి ఉండవు. ఏ బెలూను పైకి ఎగిరినా ఆ పిల్ల తలెత్తి చూసేది. చూసి, ఎవరన్నా గమనించారేమోనని మళ్ళీ కిందికి చూసేది.

ఆరింటికి పిల్లలకి భోజనాలు పెట్టారు. ఒక్కో ఆయా ఒక్కో ప్లేటు పట్టుకుని ఒక్కో బిడ్డ వెనక తిరిగింది. చేతిలో ప్లేటు ఉంది. అందులోది ఆమెకు కాదు. తర్వాత మాకు వడ్డించారు. గేటు బయట డ్రైవర్లకి పొట్లాలు వెళ్ళాయి. మగవాళ్ళు కాబట్టి కనీసం పొట్లమైనా వేళకి వెళ్ళింది. ఈలోగా గాలికోట మీద నుంచి ఒక బాబు జారి పడ్డాడు. వాడి ఆయాని అప్పుడే ఒకావిడ నాప్‌కిన్లు తెమ్మని లోపలికి పంపింది. ఆమె పరుగెత్తుకొచ్చేసరికి రెండు గొంతులు ఒకేసారి లేచాయి. "నువ్వేం చేస్తున్నావ్? నిన్నెందుకు తీసుకొచ్చింది?" బిడ్డకి ఆమె పూచీ. బిడ్డ పక్కన నిలబడే హక్కు మాత్రం ఆమెకి లేదు, ఎవరు ఎటు పంపితే అటు పోవాలి.

బల్లల దగ్గర ఉన్న తల్లులేమీ రాణుల్లా లేరు. ఒక డాక్టరమ్మ చెవి దగ్గర ఫోన్ దింపలేదు. ఇంకొకామె ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని ఎవరికో క్షమాపణలు టైపు చేస్తోంది. మూడో ఆవిడకి కూర్చున్నంతసేపూ తన బహుమతి మిగతావాటి పక్కన చిన్నగా కనపడుతోందన్న దిగులు. వెళ్ళిపోతే నిర్లక్ష్యపు తల్లి, ఉంటే పనీపాటా లేని తల్లి. వాళ్ళెవరూ నా శత్రువులు కారు. కానీ నేనూ వాళ్ళతో పాటు సాటిన్ కుర్చీలోనే కూర్చున్నాను. మూడు గంటల్లో ఒక్కసారి కూడా లేచి గోడ దగ్గరికి ఒక కుర్చీ జరపలేదు. అదీ రాస్తున్నాను.

ఇదంతా కేకులతో వచ్చిన రోగం, మన పద్ధతులు ఇలా ఉండేవి కావు అనేవాళ్ళుంటారు. మాది తెనాలి. మా ఇంట్లో భోగి సాయంత్రం పిల్లలకి భోగిపళ్ళు పోసేవాళ్ళు. రేగిపళ్ళు, చెరకు ముక్కలు, బంతిపూల రేకులు, చిల్లర డబ్బులు కలిపి బిడ్డ తల చుట్టూ తిప్పి పోస్తారు. వీధిలో ఆడవాళ్ళంతా పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళు. వాళ్ళు ఉండాలా, వెళ్ళాలా అన్న ప్రశ్నే లేదు. శనగలు, తాంబూలం పుచ్చుకుని నవ్వుకుంటూ వెళ్ళేవాళ్ళు. ఇంత అందమైన పేరంటానికి ఆ శనగలు నానబోసి, వడకట్టి, తాలింపు వేసింది మా చిన్నమ్మమ్మ. ఆమె చిన్నప్పుడే భర్త పోయినామె. పేరంటం జరుగుతున్నంతసేపూ ఆమె వంటింట్లోంచి బయటికి రాకూడదు. తాంబూలం ఆమెకి ఇవ్వరు. నా తల మీద ఆమె ఒక్క రేగిపండు వెయ్యలేదు. గోడ కాడ నిలబడ్డం అని అక్క చెప్పినప్పుడు నాకు మా చిన్నమ్మమ్మే గుర్తొచ్చింది. పని చేయించుకోవడానికి పనికొచ్చే మనిషి పిలుపుకి పనికిరాకపోవడం మన దగ్గర పాత మర్యాదే. అప్పుడు ఆ గీత వైధవ్యం పేరు మీద గీశారు. ఇప్పుడు జీతం పేరు మీద, ఆ జీతం వెనక ఉన్న కులం పేరు మీద గీస్తున్నారు. ఆయా తాగే గ్లాసు వేరుగా ఉండే ఇళ్ళు ఈ గుట్టల మీద ఎన్ని లేవు?

చిన్న పిల్లల్ని తల్లి లేకుండా ఎలా వదిలేస్తాం, నీళ్ళ తొట్లుంటాయి, మెట్లుంటాయి, ఒంటికి పడని తిండి ఉంటుంది అంటారు. నిజమే. పసిబిడ్డ పక్కన ఒక పెద్ద మనిషి ఉండి తీరాలి. ఆ మనిషి తల్లే కావాలని ఎవరు చెప్పారు? మా ఫిల్మ్‌నగర్ నుంచే ఒక పోలిక ఇస్తాను. పిల్లలు సినిమాల్లో కూడా నటిస్తారు. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించాక 2017లో వచ్చిన నియమాల ప్రకారం ఆ పిల్లల చేత రోజుకి అయిదు గంటలు మించి పని చేయించకూడదు. విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు. అయిదుగురు పిల్లలకి ఒకరు చొప్పున బాధ్యత గల మనిషిని పెట్టాలి. వాళ్ళ భద్రత ఎవరి పూచీయో నిర్మాత ముందే జిల్లా మేజిస్ట్రేటుకి రాసివ్వాలి. షూటింగుల్లో అది ఎంత నడుస్తోందన్నది ఇంకో వ్యాసం. ఆ నియమంలోని న్యాయం చూడండి. పిల్లల్ని ఎవరు రప్పించుకున్నారో పూచీ వాళ్ళదే. పుట్టినరోజు పార్టీకి మాత్రం ముప్ఫైమంది పిల్లల్ని పిలిచి, మెజీషియన్‌కి డబ్బిచ్చి, బెలూన్లకి డబ్బిచ్చి, పిల్లల్ని కనిపెట్టే పనిని మాత్రం తల్లులు ఉచితంగా చెయ్యాలంటాం. తల్లికి కుదరకపోతే ఆయా ఆకలితో చెయ్యాలంటాం.

విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదని నటించే పిల్లలకైనా నియమం ఉంది. విరామం లేకుండా మూడు గంటలు నిలబడ్డ అక్కకి అదీ లేదు. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళ హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడిక తెచ్చింది. మన దేశం దానికి అనుకూలంగా ఓటు వేసింది గాని ఇవాల్టికీ ఆమోదముద్ర వెయ్యలేదు. ఇంటి పనివాళ్ళ కోసం చట్టం తెచ్చే విషయం పరిశీలించడానికి ఒక కమిటీ వెయ్యమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పాల్సి వచ్చింది. చట్టం వచ్చేదాకా ఆమె ఎక్కడ కూర్చోవాలో మన మర్యాదే నిర్ణయిస్తుంది. అందుకే మర్యాద చిన్న విషయం కాదంటున్నాను.

"జీతం ఇస్తున్నాం కదా" అనేవాళ్ళకి ఒకటే మాట. జీతం ఆమె పనికి ఇస్తున్నారు. ఆమె ఆకలిని, ఆమె కాళ్ళ నొప్పిని, ఆమె ఆదివారాన్ని మీకు ఎవరూ అమ్మలేదు. "నువ్వు మాత్రం రెండు వందలు పడేసి పంపలేదా?" అని నన్ను అడగొచ్చు. పంపాను. నేను బయటికి వెళ్ళి పని చేసుకుని, నా సంపాదన నాదని గర్వంగా చెప్పుకునేది ఆమె నా ఇంట్లో నిలబడటం వల్లే. గోగు శ్యామల సంపాదకత్వంలో "నల్లపొద్దు" వచ్చి ఇన్నేళ్ళయింది. దళిత స్త్రీలు తమ మాట తాము చెప్పుకున్నాక కూడా "మనం ఆడవాళ్ళమంతా ఒకటే" అని తేలిగ్గా అనేసే హక్కు నాలాంటివాళ్ళకి లేదు. ఒకటి కావాలంటే ముందు ఒకే ఎత్తులో కూర్చోవాలి.

ఏం చెయ్యమంటావు అని అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. పిల్లల్ని పిలిచినవాళ్ళే పిల్లలకి పూచీ పడాలి. ఎవరు చూసుకుంటారో కార్డులోనే రాయాలి, ఆ చూసుకునేవాళ్ళలో ఇంటి మగవాళ్ళు ఉండాలి. అప్పుడు దింపి వెళ్ళే తల్లి దొంగలా వెళ్ళనక్కర్లేదు. పసివాళ్ళతో ఎవరైనా ఉండిపోవలసి వస్తే, ఉండేది తల్లి అయినా తండ్రి అయినా అమ్మమ్మ అయినా ఆయా అయినా, ఆమెకి కుర్చీ ఉండాలి, అందరితో పాటు అదే వేళకి అదే తిండి ఉండాలి. "విడిగా ఏర్పాటు" అన్న లైను కొట్టెయ్యాలి. సెలవు రోజున ఆయాని పంపేవాళ్ళు ఆ రోజుకి డబ్బూ ఇవ్వాలి, ఇంకో రోజు సెలవూ ఇవ్వాలి. ఆమెకి బిడ్డ ఉంటే ఆ బిడ్డ ఎవరి దగ్గర ఉంటుందో ముందు అడగాలి.

చెప్పడం తేలికే. మా వాడికి ఆరేళ్ళు నిండినప్పుడు చేసి చూశాం. మాది రెండు పడకగదుల ఫ్లాటు. మేడ మీద పార్టీ, టెంట్ హౌస్ నుంచి నలభై కుర్చీలు. కార్డులో ఇలా రాశాం: "పిల్లల్ని దింపి వెళ్ళవచ్చు. నేనూ, వాళ్ళ నాన్నా, మామయ్యా చూసుకుంటాం. పిల్లలతో ఎవరొచ్చినా మాకు అతిథులే." పదకొండుమంది తల్లులు దింపి వెళ్ళారు. ఒకామె మెట్ల మీద ఆగి "నిజంగా వెళ్ళిపోవచ్చా?" అని రెండుసార్లు అడిగింది. మా ఆయన పిల్లల వెనక పరుగెత్తి పరుగెత్తి అయిదున్నరకే చొక్కా తడిపేసుకున్నాడు. "ఇంకా గంటన్నర ఉందా?" అని అడిగాడు. ఉంది అన్నాను. ఒకావిడ తన పక్క కుర్చీలో ఇంకొకరి ఆయా కూర్చోగానే లేచి ఇంకో వరసలోకి మారింది, కేకు కొయ్యకుండానే పని ఉందని వెళ్ళిపోయింది. "ఇలా నెత్తికెక్కించుకుంటే రేపు మా ఇళ్ళల్లో కష్టం" అని మర్నాడు గ్రూపులో ఒక మెసేజి. ఒక ప్లాస్టిక్ కుర్చీకి ఇంత భయపడుతున్నారంటే, ఆ కుర్చీలో ఏదో ఉన్నట్టే.

అక్కని కూతురితో సహా పిలిచాను. పనికి కాదు, పార్టీకి అని గట్టిగా చెప్పాను. వచ్చింది, మంచి చీర కట్టుకుంది. కుర్చీ అంచున పది నిమిషాలు కూర్చుని, లేచి ప్లేట్లు ఏరడం మొదలుపెట్టింది. కూర్చో అక్కా అన్నాను. "కూసుంటే మంచిగ అనిపిస్తలేదు మేడమ్" అంది. నేను మళ్ళీ అనలేదు. ఇన్నేళ్ళు నిలబెట్టి ఒక సాయంత్రం కూర్చోమంటే ఎలా కూర్చుంటుంది?

ఆమె కూతురు మాత్రం లేవలేదు. కుర్చీలో కాళ్ళు ఊపుకుంటూ రెండు ముక్కలు కేకు తింది. "నీ పుట్టినరోజు ఎప్పుడమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల తల్లి వైపు చూసింది.

"బడిల సారు జూన్ అని రాసుకున్నడు," అంది అక్క, చేతిలో ప్లేట్లతోనే. "అసలైతే బతుకమ్మ పండుగ ముంగట పుట్టింది. ఏ దినమో యాదికి లేదు మేడమ్. అప్పుడు మిద్దె కట్టే కాడ కూలికి పోతుంటి."

నాలుగేళ్ళుగా ఆమె మా ఇంటికి వస్తోంది. మా వాడి పుట్టినరోజు ఆమెకి తెలుసు, ముందురోజే ఇల్లంతా కడిగిపెడుతుంది. ఆమె కూతురి పుట్టినరోజు ఎప్పుడని నేను అడగడం అదే మొదటిసారి.